కథ లేదు, మనుషుల్లేరు, ఉన్నది వెలుతురే: ఇలాంటి సినిమా ఎలా చూడాలి?

#1 వెలుతురుపిట్ట

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు.

మొన్న ఒక ప్రదర్శనలో స్టాన్ బ్రాకేజ్ తీసిన 'ద టెక్స్ట్ ఆఫ్ లైట్' (1974) చూశాను. గంటకు పైగా ఉంటుంది, శబ్దం లేదు. అంతా ఒక గాజు యాష్‌ట్రే లోంచి తీశారని ముందే చెప్పారు. మొదటి పది నిమిషాలూ కొండలు, నీళ్లు, సూర్యాస్తమయాలు అనుకుంటూ చూశా. అవేవీ కావని మనసుకు ఎక్కాక విసుగు మొదలైంది. ఫోను తీయబోయి సిగ్గుపడి మానేశా. సగం దాటాక ఎక్కడో ఆ విసుగు దానంతటదే పోయింది. ఎందుకు పోయిందో ఇప్పటికీ తెలీదు. పక్క సీటాయన మాత్రం హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు.

నా అనుమానాలు రెండు. మామూలు సినిమా కూడా వెలుతురుతోనే కదా తీసేది, మరి దీన్నొక్కదాన్నే 'వెలుతురు గురించిన సినిమా' అనడం దేనికి? రెండోది, ఇలాంటివి మనలాంటి వాళ్లం చేసి చూడొచ్చా? నాకు ఈమధ్య ఒక పాత 16 ఎంఎం కెమెరా దొరికింది, అందుకే అడుగుతున్నా.

#2 కునుకుపాటు

ఆ గురక నాది కాదని ముందే మనవి చేసుకుంటున్నా. నాదైతే మీకు సినిమా అయ్యేదాకా విసుగు పోయేది కాదు.

#3 బోలెక్స్‌బాబాయ్

స్వాగతం అమ్మా/బాబూ (పేరు చూసి తెలియడం లేదు, ఏమీ అనుకోకు).

మామూలు సినిమాలో లైటు ముఖం మీద పడుతుంది, మనం ముఖం చూస్తాం, లైటు సంగతి మర్చిపోతాం. అలా మర్చిపోయేలా చేస్తేనే లైటింగ్ కుదిరిందంటాం. నువ్వు చూసిన దాంట్లో మర్చిపోవడానికి ముఖం లేదు. అంతకు మించి తేడా లేదు, కానీ అది చిన్న తేడా కాదు.

యాష్‌ట్రే కన్నా తేలిగ్గా అర్థమయ్యేది ఒకటి చెప్తా. హాలిస్ ఫ్రాంప్టన్ 1969లో 'లెమన్' అని తీశాడు. ఏడు నిమిషాల పైచిలుకు. నల్లటి నేపథ్యంలో ఒక నిమ్మకాయ, అంతే. కెమెరా కదలదు, కాయ కదలదు, లైటొక్కటే కదులుతుంది. అదీ ఎంత నెమ్మదిగానంటే, కదలడం నీ కంటికి దొరకదు, కదిలాక మాత్రమే తెలుస్తుంది. మొదట అంచున సన్నటి గీత, విదియ చంద్రుడిలా. కాసేపటికి తొక్క మీది గుంటలు ఒక్కొక్కటీ తేలతాయి. నిండుగా వెలిగినప్పుడు చేత్తో పట్టుకోవచ్చు అన్నంత గుండ్రంగా ఉంటుంది. తర్వాత లైటు పక్కకు పోతూ పోతూ వెనక్కి చేరేసరికి అదే కాయ నల్ల కాగితం కత్తిరించి అతికించినట్టు చదునైపోతుంది. ఆ గుండ్రదనం కాయది కాదు, లైటు ఇచ్చింది, మళ్లీ లైటే తీసేసుకుంది. పాఠం చెప్పినట్టు కాకుండా నిమ్మకాయతో చూపించాడు.

ఇంకో విషయం. 'ద టెక్స్ట్ ఆఫ్ లైట్'ను బ్రాకేజ్ జిమ్ డేవిస్‌కు అంకితమిచ్చాడు. ఈ డేవిస్ పారదర్శకమైన ప్లాస్టిక్‌తో బొమ్మలు చేసి, వాటిలోంచి విరిగి పడే వెలుతురును సినిమా తీసేవాడు. అంటే గాజు యాష్‌ట్రే వెనక ఒక గురువు ఉన్నాడన్నమాట.

#4 చీకటిగది

బాబాయ్ గారు చెప్పింది వెలుతురు 'విషయం'గా ఉన్న సినిమాల గురించి. వెలుతురు 'ముడిసరుకు'గా ఉన్నవి వేరే. ఈ రెండూ కలిపేస్తే గందరగోళం.

ఫిల్మ్ మీద వెండి లవణాల స్ఫటికాలుంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికంలో కొద్దిపాటి వెండి పరమాణువులు ఏర్పడతాయి. కంటికి కనబడవు, కానీ తర్వాత డెవలపర్ అనే రసాయనం ఆ గుర్తు పట్టుకుని స్ఫటికం మొత్తాన్నీ నల్లటి వెండిగా మారుస్తుంది. తగలనివి ఫిక్సర్ అనే ఇంకో రసాయనంలో కరిగిపోతాయి. ఈ పనికి లెన్సు అవసరం లేదు. కెమెరా కూడా అవసరం లేదు. వెలుతురు, దానికి అడ్డం పడేది ఒకటి, అంతే చాలు.

1923లో మాన్ రే 'ల రెతూర్ ఆ లా రెజో' అనే చిన్న సినిమా ఇలాగే చేశాడు. మర్నాటి కార్యక్రమానికి సినిమా కావాలన్నారు, చేతిలో ఉన్నది చాల్లేదు. చీకటిగదిలో ఫిల్ము ముక్కలు పరిచి, కొన్నిటి మీద ఉప్పూ మిరియాలపొడీ చల్లాడు, కొన్నిటి మీద గుండుసూదులు, మేకులు పడేశాడు. ఒకటి రెండు సెకన్లు లైటు వేసి ఆర్పి, డెవలప్ చేశాడు. ప్రదర్శనలో అతుకులు ఊడి ఫిల్ము తెగిందట. నాకు ఆ భాగం ఇంకా ఇష్టం.

అదే బ్రాకేజ్ 1963లో 'మాత్‌లైట్' చేశాడు. దీపాల దగ్గర చచ్చి పడున్న పురుగుల రెక్కలు ఏరి, వాటితో పాటు రేకలు, గడ్డిపోచలు, ఆకుల తునకలు 16 ఎంఎం వెడల్పున్న పారదర్శక టేపు పొరల మధ్య అద్ది, దాన్నే ప్రింటు తీయించాడు. నాలుగు నిమిషాలు కూడా ఉండదు. ఎప్పుడు చూసినా ఒక్క సంగతి దగ్గర ఆగిపోతా: ఆ పురుగుల్ని చంపింది దీపం. వాటిని మళ్లీ రెక్కలాడించేదీ దీపమే, ప్రొజెక్టర్‌లోది.

నేనూ ఎండుటాకులతో అలాంటి టేపు ఒకటి చేసి ప్రింటుకు పంపా. ఆ ల్యాబ్ వాళ్లు ముట్టుకోకుండానే తిప్పి పంపారు, 'మందం ఎక్కువ, మెషిన్ ఇరుక్కుంటుంది' అని. అప్పుడు కోపమొచ్చింది గానీ, కాడలు తీసేయకుండా పంపిన తప్పు నాదే.

#5 పిక్సెల్

ఎవరూ అనకపోతే నేనే అంటా. ఉప్పు చల్లినా, ఆకు అతికించినా చరిత్ర పుస్తకంలోకి ఎక్కిన పేరైతే కళ, మనం చేస్తే చెత్త. ఇందులో సగం ఆరాధన, సగం పాత వస్తువుల మీద మోజు. ఫిల్ము వాసన, ప్రొజెక్టర్ టకటక, ఇవన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది?

ఇంకొకటి. ఈ రోజుల్లో అందరం చూసేది ఎల్‌ఈడీ తెరల మీద. ఆ తెర తనే వెలుతురు. ముడిసరుకంటే అదే కదా? 1923 దగ్గరే ఎందుకు ఆగిపోతాం?

#6 చీకటిగది

పిక్సెల్ గారూ, మొదటి పేరా తగాదాకి, రెండోది మాటకి. రెండోదానికే జవాబిస్తా, అదీ రేపు. ఇప్పుడు చేతులకు ఫిక్సర్ అంటి ఉంది.

#7 శబ్దభేది

పిక్సెల్ అడిగిన 'అన్నీ తీసేస్తే ఏం మిగులుతుంది' అన్నది ఎగతాళికి అడిగినా, మంచి ప్రశ్న. సరిగ్గా అదే ప్రశ్న వేసుకుని సినిమా తీసినవాడున్నాడు.

ఆంథొనీ మెక్‌కాల్, 'లైన్ డిస్క్రైబింగ్ ఎ కోన్', 1973, 16 ఎంఎం, 30 నిమిషాలు. ఫిల్ము మీద ఉన్నదల్లా నల్లటి ఫ్రేములో ఒక తెల్ల చుక్క. అది నెమ్మదిగా గీతగా సాగి, అరగంటలో పూర్తి వలయం గీస్తుంది. తెర వైపు చూస్తే అంతే. కానీ అక్కడ ఎవరూ తెర వైపు చూడరు. కుర్చీలుండవు. అందరూ వీపు తెరకిచ్చి ప్రొజెక్టర్ వైపు తిరుగుతారు. చుక్క ఉన్నప్పుడు గదిలో ఒక సన్నటి వెలుతురు తీగ. చుక్క గీతగా వంగేకొద్దీ ఆ తీగ పలకలా వెడల్పై, వంగి, చివరికి బోలుగా ఉన్న శంఖువవుతుంది. దాని లోపల తల పెట్టొచ్చు. నేనూ పెట్టా. పొగ కదులుతుంటే గోడలు పాలరాయిలా మెరుస్తాయి. చెయ్యి అడ్డం పెడితే నా చేతి నుంచి తెరదాకా ఒక చీకటి కోత పడింది, ఎవరో నన్ను కసురుకున్నారు కూడా. తర్వాత వాళ్లూ అదే చేశారు.

అసలు కిటుకు మాత్రం దుమ్ము. డెబ్బైలలో ఇలాంటివి వేసిన పాత గదుల్లో దుమ్ము, సిగరెట్ పొగ వాటంతటవే ఉండేవి. శుభ్రంగా తుడిచిన, పొగతాగడం నిషేధించిన మ్యూజియంలో వేస్తే శంఖువు కనబడదు! ఇప్పుడు పొగమంచు యంత్రం పెట్టి వేస్తారు. అంటే ఈ సినిమాలో సగం ఫిల్ము మీదుంటే సగం గాలిలో ఉంది.

నా పేరుకు తగ్గట్టు ఇంకొకటి చెప్పకపోతే నిద్ర పట్టదు. 16 ఎంఎం ఫిల్ముకు ఒక అంచున శబ్దం కోసం సన్నటి పట్టీ ఉంటుంది. ప్రొజెక్టర్‌లో చిన్న దీపం ఆ పట్టీలోంచి వెలుగుతుంది, అవతల ఉన్న ఫోటోసెల్ (వెలుతురును పట్టే చిన్న పరికరం) ఆ హెచ్చుతగ్గుల్ని కరెంటుగా మారుస్తుంది, అది స్పీకరుకు పోతుంది. సినిమాలో మాట, పాట అన్నీ ఒకప్పుడు వెలుతురే. లిస్ రోడ్స్ 1975లో 'లైట్ మ్యూజిక్'లో నల్ల-తెల్ల అడ్డగీతల్ని బొమ్మ మీదే కాక ఈ పట్టీ మీదకూ పొడిగించింది. గీతలు దగ్గరైతే స్వరం పైకి, దూరమైతే కిందికి. చూసేదే వింటారు. రెండు ప్రొజెక్టర్లు ఎదురెదురుగా, మధ్యలో పొగ, మనుషులు. పట్టీని చదివే చోటు బొమ్మ కిటికీ దగ్గర కాకుండా 26 ఫ్రేముల అవతల ఉంటుంది కాబట్టి, గీత ఒకటే అయినా మీరు చూసేదానికీ వినేదానికీ సెకను పైన తేడా. మామూలు సినిమాలో అయితే ఆ తేడా లెక్కేసి ముందుకు జరిపి ప్రింటు చేస్తారు.

#8 వెలుతురుపిట్ట

అబ్బ, ఒక్క ప్రశ్నకు ఇన్నా! బాబాయ్ గారూ, అమ్మాయినే.

చదువుతుంటే ఒకటి తట్టింది, తప్పయితే చెప్పండి. యాష్‌ట్రే, నిమ్మకాయ, పురుగు రెక్క, మిరియాల పొడి, పొగ... ప్రతిచోటా వెలుతురు దేనికో అడ్డం తగిలాకే మనకు కనిపిస్తోంది. ఊరికే పోయే వెలుతురు కనిపించదు. అంటే వీళ్లంతా తీస్తున్నది వెలుతురునా, అడ్డాన్నా?

#9 చీకటిగది

బాగా పట్టుకున్నావు. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నా. కానీ ఆ మాట పగలగొట్టే సినిమాలు రెండున్నాయి.

పీటర్ కుబెల్కా 'ఆర్నుల్ఫ్ రైనర్', 1960. మొత్తం 9216 ఫ్రేములు, ఆరున్నర నిమిషాలకు కాస్త తక్కువ. ప్రతి ఫ్రేమూ పూర్తి నలుపో, ఖాళీ పారదర్శకమో. శబ్దం కూడా అంతే, నిశ్శబ్దమో లేక అన్ని పౌనఃపున్యాలూ కలిసిన హోరో. తెల్ల వెలుతురులో అన్ని రంగులూ ఉన్నట్టు ఆ హోరులో అన్ని స్వరాలూ ఉంటాయి. వాటి వరుసే సినిమా. ఆ ఫిల్మును ముక్కలు చేసి గోడ మీద పక్కపక్కనే మేకులకు తగిలించి కూడా ప్రదర్శించేవాడు. అప్పుడు సినిమా మొత్తం ఒక్క చూపులో కనబడుతుంది, నలుపూ తెలుపూ చారలున్న దుప్పటిలా.

రెండోది టోనీ కాన్రాడ్ 'ద ఫ్లికర్', 1966, అరగంట. ఇదీ నలుపు-తెలుపు ఫ్రేములే, కానీ కుబెల్కాలా తాళం మారుస్తూ పోడు, ఒక్కో లయ మీద చాలాసేపు నిలబడతాడు. కాసేపటికి తెర మీద లేని రంగులు, తిరిగే చక్రాలు, వలల్లాంటివి కనిపిస్తాయి. పక్కవాళ్లను అడిగితే వాళ్లకు వేరేవి కనిపించి ఉంటాయి. ఇక్కడ వెలుతురుకు అడ్డం ఏముంది? ఏదైనా ఉందంటే అది మన కన్ను, మన మెదడు.

#10 నిర్వాహకుడు

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి. మిణుకు సినిమాల ప్రస్తావన వచ్చింది కాబట్టి: మూర్ఛ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా ఆ సమస్య ఉన్నవాళ్లు వీటిని వెతికి చూడకండి. సెకనుకు సుమారు 15 నుంచి 25 సార్లు మిణికే వెలుతురు అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం. 'ద ఫ్లికర్' మొదట్లోనే అలాంటి హెచ్చరిక ఉంటుంది, డాక్టరు అందుబాటులో ఉండాలని కూడా. అది ప్రచారం కోసం వేసిన జోకు కాదు. ఇక్కడ ఎవరైనా వీడియో పెట్టాలనుకుంటే పైన స్పష్టంగా రాయండి. కొనసాగించండి.

#11 కునుకుపాటు

నిద్రపోయేవాణ్ణి లేపే సినిమా కూడా ఉందన్నమాట.

#12 పిక్సెల్

మొన్నటి పోస్టులో కాస్త దురుసుగా రాశాను, నిజమే. కానీ నా పని రోజూ డిజిటల్ ప్రొజెక్టర్లతోనే, కాబట్టి #9 మీద నాకు చెప్పాల్సింది ఉంది.

'ద ఫ్లికర్' నేను ఆన్‌లైన్‌లో చూశా, ఏ రంగులూ కనిపించలేదు, 'ఇంతేనా' అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే నేను ఆ సినిమా అసలు చూడలేదు. లెక్క చూడండి. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. నా తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే సమంగా పోదు, రెండున్నర. కాబట్టి ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపించి సర్దేస్తారు. మనిషి నడిచే సీనులో అది పెద్దగా తెలియదు. ఒక నలుపు ఒక తెలుపుగా సాగే లయలో మాత్రం తాళం తప్పిన డప్పులా కుంటుతుంది. దానికి తోడు వీడియోను కుదించే పద్ధతి పక్కపక్క ఫ్రేములు ఒకేలా ఉంటాయన్న నమ్మకం మీద నడుస్తుంది. ఇక్కడ ప్రతి ఫ్రేమూ ముందుదానికి పూర్తిగా వ్యతిరేకం. చాలాచోట్ల నలుపు నలుపుగా ఉండదు, తెలుపు తెలుపుగా ఉండదు.

ఇంకో ముఖ్యమైన తేడా: ఫిల్ము ప్రొజెక్టర్‌లో ఫ్రేము మారేటప్పుడు షట్టర్ వెలుతురును మూసేస్తుంది, ఒక్కో ఫ్రేమునూ రెండు మూడు ముక్కలుగా కోస్తుంది కూడా. థియేటర్‌లో కూర్చున్న సమయంలో చాలా భాగం తెర నిజంగా చీకటిగానే ఉంటుంది, మనకు తెలియదు. డిజిటల్‌లో ఆ చీకటి లేదు.

అయినా నా వాదన పూర్తిగా వదులుకోను. ఒకే చిప్పు ఉన్న డీఎల్‌పీ రకం డిజిటల్ ప్రొజెక్టర్‌లో వేలకొద్దీ చిన్న అద్దాలు కాదు, లక్షలకొద్దీ అద్దాలు వంగుతుంటాయి, ముందు ఒక రంగుల చక్రం తిరుగుతుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, మన కన్ను కలిపేసుకుంటుంది. తెల్ల గీత మీద చూపు గబుక్కున పక్కకు తిప్పితే ఇంద్రధనుస్సు అంచులు కనబడతాయి. కొనుక్కున్నవాళ్లు దాన్ని లోపమని ఫిర్యాదు చేస్తారు. నాకు మాత్రం అది ఎవరో ఒకరు సినిమా తీయాల్సిన ముడిసరుకులా కనిపిస్తుంది.

#13 చీకటిగది

రేపు జవాబిస్తానని మాటిచ్చా, ఆ అవసరమే లేకుండా చేశారు. ఆ ఇంద్రధనుస్సు అంచుల సినిమా మీరే తీయండి, నేనొచ్చి చూస్తా.

#14 బోలెక్స్‌బాబాయ్

ఖాళీ ఫిల్ము మాటొచ్చింది కాబట్టి చిన్నది. నామ్ జూన్ పైక్ 'జెన్ ఫర్ ఫిల్మ్' (1964) అని ఏమీ తీయని ఖాళీ పారదర్శక ఫిల్మును ప్రొజెక్టర్‌లో తిప్పాడు. మొదటిసారి తెల్ల తెర. తిరిగేకొద్దీ దుమ్ము, గీతలు చేరతాయి. ప్రదర్శన జరిగినకొద్దీ సినిమా పెరుగుతూ పోతుంది. ప్రొజెక్టర్ గేటు (ఫిల్ము వెలుతురు ముందు నిలిచే కిటికీ) రోజూ తుడిచే నాలాంటివాడికి ఇది గుండెకోత.

కాన్రాడ్ ఇంకా ముందుకెళ్లాడు. 1972-73లో 'యెల్లో మూవీస్' అని పెద్ద కాగితాల మీద నల్ల అంచు గీసి, లోపల త్వరగా పసుపెక్కే చవక రంగు పూశాడు. గదిలో వెలుతురుకు, కాలానికి అవి మెల్లగా పసుపెక్కుతున్నాయి. ప్రొజెక్టర్ లేదు, అయినా ఆయన లెక్కలో అది సినిమానే. ఇంకా నడుస్తోంది. మిణుకు వేగంతో కళ్లు తిప్పినవాడే, ఏళ్లు పట్టే సినిమా కూడా చేశాడు.

#15 వెలుతురుపిట్ట

ఆగలేక మొదలుపెట్టేశా. తిట్లు తినడానికి సిద్ధంగా ఉన్నా.

స్నానాలగది కిటికీకి నల్ల గుడ్డ కొట్టి, ఎర్ర బల్బు పెట్టా. 'చీకటిగదిలో ఎర్ర లైటు ఉంటుంది' అని అందరూ సినిమాల్లో చూసిందే కదా. కెమెరాతో వచ్చిన నలుపు-తెలుపు రోలు విప్పి, ఐదారు అడుగుల ముక్కలు నేల మీద పరిచి, గుండుసూదులు, మేకులు, చిరిగిన లేసు ముక్క, కాస్త ఉప్పు. మాన్ రే రెండు సెకన్లు అన్నారని ఫోను టార్చి పైనుంచి రెండు సెకన్లు వేశా. డెవలపర్, ఫిక్సర్, అన్నీ చెప్పిన వరుసలోనే. తీసి చూస్తే అంతా నలుపు. ఒక మేకు కూడా లేదు! బొగ్గు రిబ్బనులా ఉంది. ఇంకో ముక్కకు టార్చి తగ్గించి చేద్దామనుకునేలోపు జేబులో ఫోను వెలిగి గది సగం కనిపించింది. ఏం తప్పు చేశానో చెప్పండి. ఫోను సంగతి వదిలేయండి, అది నాకూ తెలుసు.

#16 చీకటిగది

అయ్యో. ఫోను అసలు దోషి కాదు, బల్బే. ఎర్ర లైటు అన్ని ఫిల్ములకూ పనికిరాదు. కెమెరాలో వేసే ఫిల్ము దాదాపు అన్ని రంగులకూ స్పందించేలా చేస్తారు, ఎరుపుకు కూడా. నువ్వు మేకులు పేర్చిన పది నిమిషాల్లో ఫిల్ము అప్పటికే కాలిపోయింది. టార్చి వెలిగించేసరికి కాపాడటానికి ఏమీ మిగల్లేదు. ఎరుపును గుర్తించని ప్రింటు ఫిల్ము వేరే ఉంటుంది, కోడాక్ 7302 లాంటివి. వెలుతురు పట్టే వేగం వాటికి చాలా తక్కువ, నీలానికి మాత్రం బాగా స్పందిస్తాయి. ఎర్ర బల్బు కింద చూసుకుంటూ పని చేయొచ్చు. అడిగేటప్పుడు 'ఎర్ర లైటు కింద వాడొచ్చా' అని నోరు తెరిచి అడుగు, సిగ్గుపడకు.

టార్చి విషయం. ఎత్తు పెంచు, ఒకే చోట పట్టుకో, చెయ్యి ఊపితే నీడల అంచులు అలుక్కుపోతాయి. ముందు అర అడుగు ముక్క మీద పరీక్ష: అట్టముక్కతో మూసి, కొంచెం కొంచెం జరుపుతూ అర సెకను, సెకను, రెండు, నాలుగు. డెవలప్ చేసి ఏ మెట్టు బాగుందో చూసుకో. అందరం ముందు ఇలాగే చేస్తాం, రోలు మొత్తం పెట్టి జూదమాడం.

ఇంకా పేర్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. 16 ఎంఎంలో అడుగుకు 40 ఫ్రేములు. నువ్వు పరిచిన మేకుకు ఫ్రేము గీతలు తెలియవు. ఐదు సెంటీమీటర్ల మేకును పొడవునా పెడితే ఆరున్నర ఫ్రేముల మీద పడుతుంది, తెర మీద పావు సెకను. అదీ మేకులా కనబడదు, నిలువు గీత వచ్చి వణికి పోతుంది. అడ్డంగా పెడితే ఒక్క ఫ్రేములో తళుక్కు. నీకు మేకు 'మేకులా' కనిపించాలంటే ఒక్కో ఫ్రేములో పట్టేంత చిన్న వస్తువు, ఒకటే చోట, వరుసగా పదిహేను ఇరవై ఫ్రేముల్లో పేర్చాలి. ఓపిక ఉంటే చెయ్యి. లేకపోతే ఆ వణుకే బాగుంటుంది, నన్నడిగితే.

నెగెటివ్‌నే ప్రొజెక్టర్‌లో వేస్తే వెలుతురు తగిలిన నేల నలుపు, మేకు ఉన్నచోటు తెలుపు.

#17 శబ్దభేది

ఈ చేతిపనిని చివరిదాకా తీసుకెళ్లిన మనిషి పీటర్ చెర్కాస్కీ. 'ఔటర్ స్పేస్' (1999). ఇంకా వెలుతురు తగలని ఫిల్ము మీద పాత హారర్ సినిమా ముక్కలు పరిచి, లేజర్ పాయింటర్‌తో ఫ్రేము ఫ్రేముగా, ఎక్కడ కావాలంటే అక్కడ మాత్రమే వెలుతురు గుచ్చాడు. ఒక ఫ్రేములో ముఖంలో చెంప మాత్రమే, పక్కన ఇంకో సీనులోని తలుపు. అలా పొరలు పొరలుగా. మీటరు ముక్కకు తెర మీద దాదాపు రెండు సెకన్లు. ఎన్ని రాత్రులు పట్టి ఉంటుందో మీరే లెక్కేసుకోండి. ఒకచోట శబ్దం పట్టీ, పక్క రంధ్రాలు కూడా తెర మధ్యకు దూసుకొచ్చి ఆ సినిమాలోని నాయిక మీద పడతాయి. ఆ చోట నేను కుర్చీలో వెనక్కి జరిగా.

అసలు కంటికి కనిపించేదే కాక వేరే వెలుగునూ పనికి పెట్టినవాళ్లున్నారు. తోమొనారి నిషికావా 2014 జూన్ 24 సూర్యాస్తమయం నుంచి మర్నాడు సూర్యోదయం దాకా 100 అడుగుల 35 ఎంఎం నెగెటివ్‌ను, ఫుకుషిమా అణు కేంద్రానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో రాలిన ఆకుల కింద పాతిపెట్టాడు. అక్కడ మిగిలి ఉండగల రేడియోధార్మికతకు ఫిల్మును అప్పగించడం ఆయన ఉద్దేశం. సినిమా రెండు నిమిషాలే. పేరు మాత్రం పెద్దది, 'లక్ష కీటకాల' లాంటి మాటలుంటాయి.

#18 పిక్సెల్

లక్ష కాదు, పది లక్షలు. మిలియన్.

#19 శబ్దభేది

సరే, పది లక్షలు. కీటకాల దగ్గర కూడా కచ్చితత్వమేనా మీకు.

#20 కునుకుపాటు

ఒక నిజం ఒప్పుకుంటా. #1 చదివి నవ్వుదామని వచ్చి, మీ మాటలు విని జేమ్స్ బెన్నింగ్ 'నైట్‌ఫాల్' (2011) చూశా. 98 నిమిషాలు, ఒకటే షాటు, అడవి, చీకటి పడటం. నాకోసమే తీసిన సినిమా అనుకుని దిండు పెట్టుకుని కూర్చున్నా. నిద్ర రాలేదండీ. చెట్ల కాండాలు ఎప్పుడు కలిసిపోయాయో పట్టుకుందామని చూస్తూనే ఉన్నా. పట్టుకోలేకపోయా. చివర్లో తెర మీద ఏదో కదిలినట్టనిపిస్తే అది గాజులో నా తల.

డెరెక్ జార్మన్ 'బ్లూ' (1993) కూడా ఇలాంటిదేనా? మొత్తం నీలం ఒక్కటే అని విన్నా.

#21 బోలెక్స్‌బాబాయ్

అవును, మొదటి నుంచి చివరిదాకా ఒకటే నీలం, పైన గొంతులు, సంగీతం. కానీ అది వేరే బరువు. ఎయిడ్స్ వల్ల ఆయన చూపు పోతున్న రోజుల్లో చేసింది. 1994 ఫిబ్రవరిలో పోయాడు. దాన్ని మిగతావాటితో పాటు 'ప్రయోగం' అని ఒక గాటన కట్టాలంటే నాకు నోరు రాదు. చూడు, కానీ దిండు వద్దు.

మన వెలుతురుపిట్టకు చీకటిగది తేలక చిరాకొస్తే పగటిపూట చేసే పని చెప్తా. క్రిస్ వెల్స్‌బీ 1974లో 'సెవెన్ డేస్' తీశాడు. టెలిస్కోపులకు వాడే స్టాండు మీద కెమెరా పెట్టి, భూమి తిరిగే వేగంతో సూర్యుడి వెంట తిప్పాడు. పది సెకన్లకు ఒక ఫ్రేము, పొద్దు పొడిచినప్పటి నుంచి కుంకేదాకా, ఏడు రోజులు. సూర్యుడు మబ్బు చాటుకు పోతే కెమెరా ఆకాశం వైపు, ఎండ కాస్తే వెనక్కి తిరిగి నేల మీద తన నీడ వైపు. ఎప్పుడు ఎటు తిప్పాలన్నది ఆయన ఇష్టం కాదు, మబ్బు ఇష్టం. ఎడిటింగ్ ఆకాశానికి వదిలేశాడు.

నీకు ఆ స్టాండు అక్కర్లేదు. కెమెరాలో ఒక్కో ఫ్రేము తీసే మీట ఉంటుంది చూడు.

#22 పిక్సెల్

దీనికి నా వంతు లెక్క. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. కిటికీ నుంచి మూడు మీటర్ల దూరంలో గోడ ఉంటే, దాని మీద ఎండ మరక నిమిషానికి సుమారు సెంటీమీటరు పైన జరుగుతుంది. అంటే కెమెరా బిగించే ముందే మరక ఎటు పోతుందో చూసుకుని దారి వదలాలి. లేదంటే గంటలో ఫ్రేము దాటేస్తుంది.

#23 వెలుతురుపిట్ట

లెక్క ఆలస్యంగా చూశా పిక్సెల్ గారూ, సరిగ్గా అదే జరిగింది.

కిటికీ గట్టు మీద నీళ్ల గ్లాసు పెట్టా. ఎండ దానిలోంచి వచ్చి గోడ మీద పడితే మరక లోపల వంకర టింకర గీతలు, సాలెగూడులా. దాని మీదే ఫోకస్ పెట్టి పది సెకన్లకు ఒక ఫ్రేము. ఇరవై నిమిషాలకు మరక ఫ్రేము అంచుకు చేరింది, ఇంకో పది నిమిషాలకు పోయింది. మిగతా గంటన్నర గోడను తీశా. కానీ డెవలప్ చేసి చూస్తే ఆ ఖాళీ గోడలో కూడా ఏదో జరుగుతోంది. మబ్బులు వచ్చిపోయినప్పుడు గోడ మొత్తం ఊపిరి తీస్తున్నట్టు ముదురుతూ తేలుతూ ఉంది. అక్కడ కూర్చుని తీసింది నేనే, ఒక్క మబ్బూ గుర్తులేదు. పది సెకన్లకోసారి మీట నొక్కుతూ గడియారమే చూస్తూ కూర్చున్నా మరి.

మొత్తం కలిపి అర నిమిషం లోపే. ఇంట్లో వాళ్లకు వేస్తే 'గోడ బాగుంది, ఇంకేదైనా చూపించు' అన్నారు.

చీకటిగది గారూ, ప్రింటు ఫిల్ము దొరికింది, అడిగే తెచ్చుకున్నా. పరీక్ష ముక్కలో సెకను మెట్టు బాగా వచ్చింది. మేకు కన్నా లేసు ముక్క నచ్చింది నాకు, దాని రంధ్రాలు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా పడి తెర మీద దోమల గుంపులా ముసురుతున్నాయి. రాత్రికి మిగతా రోలు పెడుతున్నా. ఫోను ఈసారి వంటింట్లో.

#24 చీకటిగది

లేసును రెండు పొరలు చేసి ఒకసారి చూడు. కిటికీ గుడ్డ కింది అంచుకు టేపు కొట్టావా?

#25 వెలుతురుపిట్ట

ఇప్పుడు కొడుతున్నా.